కెదార్‌కి ఎన్ని అర్థాలు?

"ఆ పన్ను ఎంతుంటుంది సార్?" అడిగాడు ఏజెంట్ పిచ్చుక.

"ఆవగింజంత మైక్రోఫోను. దాని మీద పన్ను ఆకారంలో క్యాపు," అన్నాడు చీఫ్. "రేపు సాయంత్రం ఐదింటికి రక్షణశాఖ కార్యదర్శి ఆ డెంటిస్ట్ కుర్చీలో నోరు తెరుస్తాడు. క్యాపు బిగిస్తే ఆయన మాట్లాడే ప్రతి ముక్కా శత్రుదేశానికి చేరిపోతుంది."

"కార్యదర్శిని వెళ్ళనివ్వకపోతే?"

"డెంటిస్టూ, వాడి గూఢచారి గ్యాంగంతా మాయమైపోతుంది. మనకి సాక్ష్యం కావాలి. ఆ పన్ను కొట్టెయ్యడం టీచర్ పని. పనయిందో లేదో క్లాసులోనే చెబుతుంది. అర్థం చేసుకోవడం నీ పని. అంతే!"

టీచర్ డబుల్ ఏజెంట్. తమ మనిషేనని గ్యాంగు నమ్మకం. మూడో అంతస్తులో స్పానిష్ నేర్పుతుంది. సరిగ్గా దాని కిందే డెంటిస్ట్ క్లినిక్. గ్యాంగు రహస్యాలన్నీ ఆమె బోర్డు మీద ఉదాహరణ వాక్యాలుగా చేతులు మారతాయి. పిచ్చుక ఆరు వారాలుగా వాల్‌పేపర్ సేల్స్‌మన్ వేషంలో, అంటించుకున్న మీసంతో వెనక బెంచీలో కూర్చుంటున్నాడు.

ఇంతకుముందు ఒక మిషన్‌లో టీచరూ పిచ్చుకా ఏడాదిపాటు మొగుడూ పెళ్ళాలు. కాగితాల మీద మాత్రమే. ఆ సంగతి పిచ్చుక తరచూ మరిచిపోతుంటాడు.

ఆరు వారాల్లో అతనికి స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చింది. డెంటిస్ట్ మాత్రం కంఠతా వచ్చేశాడు. నలగని తెల్లకోటు, క్లాసు అయిపోయే వేళకి తలుపుకి ఆనుకుని నిలబడే తీరు, టీచర్ భుజం మీది సుద్దపొడిని రెండు వేళ్ళతో దులిపే చొరవ. దానికి ఆమె నవ్వేది. ఆ నవ్వు తనకొక్కడికే అనుకున్న పిచ్చుకకి కడుపు రగిలిపోయేది.

మర్నాడు నాలుగున్నర. పాఠం 'కెదార్' అనే క్రియ.

"ఇది ఒక్కటొస్తే చాలు, సగం స్పానిష్ వచ్చినట్టే," అంది టీచర్. "కెదాన్ త్రేస్. మూడు మిగిలాయి. కెదామోస్ అ లాస్ సింకో. ఐదింటికి కలుద్దాం. తే కెద బియెన్. నీకు బాగా నప్పింది."

"నాకేనా?" అన్నాడు గుమ్మంలో డెంటిస్ట్, టై సర్దుకుంటూ. క్లాసంతా నవ్వింది. పిచ్చుక చేతిలో పెన్సిలు విరిగింది.

టీచర్ చివరి వాక్యం రాసింది. మే కెదో కోన్ ఎల్. వెనక బెంచీ వైపు చూస్తూ రెండుసార్లు చదివింది.

"అతనితోనే ఉండిపోతాను," అని డెంటిస్టే అర్థం చెప్పాడు, మురిసిపోతూ. ఆమె కాదనలేదు. అతని వెంటే మెట్లు దిగిపోయింది.

పిచ్చుక బాత్‌రూములో దూరి పెన్ను రేడియో తెరిచాడు. "టీచర్ ప్లేటు ఫిరాయించింది సార్."

అటునుంచి చీఫ్ గొంతు: "రూఢిగా చెబుతున్నావా?"

"బోర్డు మీద రాసి మరీ చెప్పింది."

"అయితే ఇద్దర్నీ పట్టుకో. ఎదురు మేడ మీద మన షూటర్ ఉన్నాడు. ఆమె చెయ్యి సంచిలోకి వెళితే కాల్చేస్తాడు."

పిచ్చుక పెన్ను మూసేసి, షూటర్‌తో మాట్లాడే బుల్లి రేడియో చెవిలో దోపుకున్నాడు. బాధగా ఉంది, ఆ బాధలోనే ఎక్కడో చిన్న తృప్తి కూడా. దానికి సిగ్గుపడుతూనే మెట్ల వైపు నడిచాడు.

తోటి విద్యార్థిని, రిటైరైన నర్సు ఒకావిడ, రెయిలింగు పట్టుకుని దిగుతూ పాఠం వల్లె వేసుకుంటోంది. "కెదార్సె కోన్... మనిషైతే అతనితో ఉండిపోవడం. వస్తువైతే నా దగ్గరే ఉంచేసుకోవడం."

పిచ్చుక ఆగిపోయాడు. "వస్తువుని 'ఎల్' అంటారా అమ్మా? ఎల్ అంటే అతను కదా?"

"నిన్ననేగా చెప్పింది నాయనా! నువ్వేమో తలుపు వైపు గుడ్లురుముతూ కూర్చున్నావు. వాళ్ళకి కుర్చీ ఆడది, పన్ను మగాడు."

పన్ను మగాడు! పన్ను నా దగ్గరే ఉంది!

నాలుగేసి మెట్లు దూకాడు పిచ్చుక.

క్లినిక్‌లో కార్యదర్శి కళ్ళ మీద తువ్వాలు, నోట్లో దూది. డెంటిస్ట్ ట్రేలో డబ్బీ తెరిచాడు. ఖాళీ. అతని చూపు మెల్లగా టీచర్ మీదికి తిరిగింది. సిరంజి తీసుకుని ఆమె మీదికి వచ్చాడు. టీచర్ వెనక్కి జరిగి సంచిలో చెయ్యి పెట్టింది.

పిచ్చుక చెవిలో షూటర్ గొంతు: "సంచిలో చెయ్యి పెట్టింది. కాలుస్తున్నా."

"ఒద్దు! మన మనిషే!" అరుస్తూ తలుపు తన్ని, చేతిలోని వాల్‌పేపర్ చుట్టతో డెంటిస్ట్ మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. సిరంజి ఎగిరి గోడకి గుచ్చుకుంది. మరుక్షణం డెంటిస్ట్ బోర్లాపడి ఉన్నాడు, అతని వీపు మీద పిచ్చుక మోకాలు.

టీచర్ సంచిలోంచి ఒక సుద్దముక్క తీసి విరిచింది. లోపల తెల్లగా పన్ను.

"వాడి ముందే రాయాలి. వాడికొక అర్థం, నీకొక అర్థం కావాలి. అందుకే ఆ వాక్యం," అంది ఆయాసపడుతూ. "నీకు వెంటనే అర్థమైందిగా?"

"ఆఁ."

ఆమె కిటికీలోంచి ఎదురు మేడ వైపు చూసింది. అక్కడ ఇంకా రైఫిల్ తళుక్కుమంటోంది. "మరి అతనెవరు?"

పిచ్చుక తల దించుకున్నాడు. "నేనే చెప్పాను. నువ్వు వాడితో వెళ్ళిపోయావనుకున్నాను. ఆరు వారాలుగా కుళ్ళి చస్తున్నాను."

ఆమె పన్నుని సంచిలో పడేసింది. కోపంగా వచ్చి అతని దొంగమీసాన్ని ఒక్క లాగు లాగింది. అతను కెవ్వుమన్నాడు. ఆమెకి నవ్వాగలేదు.

కుర్చీలోంచి కార్యదర్శి తువ్వాలు తొలగించి, నోట్లో దూది తీసేశాడు.

"మీ ఇద్దరి గొడవ తేలాక, ఎవరికైనా పళ్ళ వైద్యం వచ్చేమో కాస్త కనుక్కుంటారా? నా పన్ను నిజంగానే సలుపుతోంది!"