ఎర్ర లక్క మూత

శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావు.

జయమ్మ కార్టన్‌లో దొరికిన వైన్ సీసా డైనింగ్ టేబుల్ మీద ఉంది. కింద టవల్. టవల్ మీద ఎర్రటి మరక.

జయమ్మ కిచెన్ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. ఏడవడం అయిపోయింది. కళ్లు ఎండిపోయాయి.

రాత్రి తొమ్మిదికి ఆమె ఫ్లయిట్. ఈ ఇంట్లో అయిదేళ్లు పనిచేశాక ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రానక్కర్లేదు. అయిదింటికల్లా ఈ ఇల్లు వదలాలి.

వదలనిస్తారో లేదో ఇంకా తేలలేదు.

రియాద్, మలాజ్‌లో పాత బిల్డింగ్. లిఫ్ట్ పనిచేయడం లేదు. ఇస్మాయిల్ మూడు అంతస్తులు ఎక్కి వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు.

"నీళ్లు" అన్నాడు.

అందరూ జయమ్మ వైపు చూశారు. అలవాటు. ఆమె లేవబోయింది.

"నువ్వు కూర్చోమ్మా. డాక్టర్ గారు ఇస్తారు."

డాక్టర్ రామప్రసాద్ కంగారుగా ఫ్రిజ్ వైపు నడిచాడు. గుండె డాక్టర్. గుంటూరు మనిషి. తన ఇంట్లో గ్లాసులు ఏ అరలో ఉంటాయో వెతుక్కోవలసి వచ్చింది.

ఇస్మాయిల్ పోలీసు కాదు. ఇన్సూరెన్స్ సర్వేయర్. సొంతూరు కర్నూలు. దుబాయ్ పోర్టులో పద్దెనిమిదేళ్లు చేసి రియాద్ వచ్చాడు. కాలిన గోదాములు, తడిసిన కంటైనర్లు, మాయమైన సరుకు చూసి నిజం రాయడం ఆయన పని. పోలీసుల దగ్గరికి పోలేని గొడవ వస్తే ఇక్కడి తెలుగువాళ్లు ఆయనకే ఫోన్ చేస్తారు. ఆయన విసుక్కుంటాడు. అయినా వస్తాడు.

"చెప్పండి. మొదట్నుంచి."

రామప్రసాద్ గొంతు తగ్గించాడు. "లూకా అని ఇటలీ ఇంజినీర్. నా పేషెంట్. గుండెపోటు వస్తే బతికించాను. వెళ్లిపోయే ముందు ఈ బాటిల్ ఇచ్చాడు. వాళ్ల సొంత ద్రాక్షతోటల్లోది. ముత్తాత కాలం నుంచి ఇంటిల్లిపాదీ చేసే వైన్. లక్క కూడా వాళ్ల అమ్మే చేత్తో ముంచి సీల్ వేస్తుందట."

"మద్యం నిషేధమున్న ఈ దేశంలోకి ఎలా వచ్చింది?"

"అడగలేదు. అడగని వాడే ఇక్కడ మర్యాదస్తుడు."

"తాగారా?"

"లేదు. ఇండియా తీసుకెళ్లలేను. పారబోయలేను. నా అల్మరాలో బట్టల వెనక పడుకోబెట్టాను. సోమవారం రాత్రి చూశాను, ఉంది. ఈ ఉదయం లేదు. నమ్రతే గమనించింది. జయమ్మ వెళ్లే రోజు కదా, ఒకసారి కార్టన్ చూద్దామంది. చూశాం."

"పోలీసులకు చెప్పారా?"

రామప్రసాద్ నీరసంగా నవ్వాడు. "దొంగతనం కేసు పెట్టాలంటే ముందు నేను జైలుకు పోవాలి. అందుకే మీకు చేశాను."

"నేను వద్దన్నాను" అంది నమ్రత. డాక్టరు భార్య. స్కూల్లో ఫిజిక్స్ టీచర్. ఏడాది వయసు కవలల్లో ఒకడు ఆమె భుజం మీద, ఇంకొకడు కాళ్ల దగ్గర. ఆమె కళ్ల కింద నల్లటి చారలు. "ఇంట్లో విషయం ఇంట్లోనే తేలిపోయేది. మేమేం రాక్షసులం కాదు ఇస్మాయిల్ గారూ. పోలీసు లేదు, గొడవ లేదు. ఎగ్జిట్ క్యాన్సిల్ చేస్తాం. ఇంకో ఏడాది పనిచేయమనండి. మర్చిపోతాం."

ఇస్మాయిల్ నీళ్లు తాగడం ఆపాడు.

ఒక్క క్షణం. మళ్లీ తాగాడు.

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"నేనే, అంకుల్." సోఫా వెనక నుంచి చెయ్యి లేచింది. పునీత్. నమ్రత తమ్ముడు. ఐటీ ఉద్యోగం. "సస్పెక్ట్ నంబర్ వన్. ఆ బాటిల్ తెరుద్దామని బావని రెండుసార్లు బతిమాలాను. మూడోసారి తిట్టాడు."

"ఈ వారం ఎక్కడున్నావు?"

"అభా కొండల్లో. ఫ్రెండ్స్‌తో. మంగళవారం పొద్దున్నే వెళ్లాను. ఇవాళ పొద్దున వచ్చాను. అక్కడ మబ్బులు, చలి. ఇక్కడ పెనం. తిరిగి రావాలనిపించలేదు."

"నీ కార్లోనా?"

"నా కార్లోనే. డిక్కీ నిండా టెంటు, బొగ్గు, సగం కాలిన కోడి. చూస్తారా?"

"కోడి వద్దు."

ఇస్మాయిల్ జయమ్మ వైపు తిరిగాడు. యాస మారింది.

"ఏ ఊరమ్మా?"

"రాజంపేట పక్కన పల్లె, సార్."

"ఊరికి ఎందుకంత తొందర?"

"కూతురికి తొలి కాన్పు, సార్. ఈ వారమో, పై వారమో. పెండ్లికే పోలేకపోతి. ఇద్దో అద్దో అని ఎగ్జిట్ ఆపిరి. పెండ్లి ఫోన్లో చూసినా. ఇప్పుడన్నా పోవల్ల సార్."

రామప్రసాద్ తల దించుకున్నాడు.

"కార్టన్ ఎప్పుడు సర్దినావు?"

"నిన్న సాయంత్రం. సర్ది పెట్టి, పిల్లోళ్లకు స్నానం చేయించి, వచ్చి తాడు కట్టినా."

"స్నానం చేయిస్తున్నప్పుడు కార్టన్ తెరిచే ఉందా?"

"తెరిచే ఉండాది."

"సీసా ఎక్కడ దొరికింది?"

"పైనే సార్. చీర కింద. కూతురికి తీసుకున్న చీర. దాని మీదంతా కారిపోయింది."

"ఆ సీసా ముందెప్పుడైనా చూసినావా?"

"వారం వారం తుడిచేదాన్నే కదా. డాక్టర్ సారు బట్టల వెనకాల ఉండేది. ఈ ఇంట్లో నా గుడ్డ తగలని చోటు లేదు సార్."

ఇస్మాయిల్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని సీసా ముందు కూర్చున్నాడు.

లేబుల్ మీద కొండ, కొండ మీద చిన్న ఇల్లు. చేత్తో గీసిన బొమ్మ. మెడ మీద ఎర్ర లక్క. లక్క కింద ఉండాల్సిన బిరడా పైకి లేచింది. లక్క బొడిపెలా ఉబ్బి, పక్కన చీలింది. చీలికలోంచి కారిన ధార ఎండి, నల్లటి గీత అయింది.

"పైనుంచి ఏదో తగిలి పగిలినట్టుంది" అన్నాడు రామప్రసాద్.

ఇస్మాయిల్ ఫోన్ టార్చి వేశాడు. సీసాను మెల్లగా తిప్పాడు. లక్క వెనక వైపు వెలుగు పడింది.

అక్కడ ఆగాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత లేచి, నడుం పట్టుకుని, మామూలుగా అడిగాడు.

"నమ్రత గారూ, మీ కారు ఎక్కడ పెడతారు?"

"కింద రోడ్డు మీద. బేస్‌మెంట్‌లో ఉన్న ఒక్క స్లాట్ ఈయనది. ఏం?"

"స్కూల్లో?"

"ఎండలోనే. షెడ్డు ప్రిన్సిపాల్‌కి మాత్రమే."

"పిల్లల స్ట్రోలర్?"

ఆమె పిల్లాణ్ని ఇంకో భుజానికి మార్చుకుంది.

"డిక్కీలో" అన్నాడు పునీత్. "ఇద్దరు కూర్చునేది. ఏనుగంత ఉంటుంది. మూడంతస్తులు మోయలేక అక్కడే ఉంచుతారు."

"పైకి తెస్తావా బాబూ?"

"లిఫ్ట్ లేదంకుల్!"

"నేనూ మెట్లెక్కే వచ్చాను."

పునీత్ గొణుక్కుంటూ తాళాలు తీసుకుని వెళ్లాడు. నమ్రత పిల్లాడి వీపు నిమురుతూ కిటికీ వైపు తిరిగింది.

స్ట్రోలర్ వచ్చింది. హాలు మధ్యలో నిలబెట్టారు. పునీత్ రొప్పుతున్నాడు. చేతులు విదిలించుకుంటున్నాడు. "ఇనుప కడ్డీ చురుక్కుమంది అంకుల్. కాల్చేసింది."

"అదే కేసు" అన్నాడు ఇస్మాయిల్. "అందరూ కూర్చోండి. ఎక్కువసేపు మాట్లాడను. ఓపిక లేదు."

సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

"మంచి వైన్ ఎలా ఉంటుందో నాకు తెలీదు. నా నాలుక మీద ఒక్క చుక్క పడలేదు. కానీ చెడిపోయిన వైన్ నాకు తెలిసినంత ఇటలీలో కూడా ఎవరికీ తెలీదు. దుబాయ్ పోర్టులో ఎండకు ఉడికిన కంటైనర్లు ఎన్ని తెరిచానో. వేడికి లోపలి ద్రవం పొంగుతుంది. బిరడాను బయటికి తోస్తుంది. పగలగొడితే లక్క లోపలికి నలుగుతుంది డాక్టర్ గారూ. ఇది బయటికి ఉబ్బింది. ఎవరూ కొట్టలేదు. ఈ సీసా ఉడికింది."

"ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఏసీ కదా?" అన్నాడు రామప్రసాద్.

"అందుకే ఇంట్లో లేదు. బయట నలభై ఆరు డిగ్రీలు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఎంత ఉంటుందో పునీత్ చేతులనడగండి. జయమ్మకు కారు లేదు. అసలు ఆమె తీసి ఉంటే డిక్కీ దాకా పోవాల్సిన పని లేదు. తన మంచం కిందే పెట్టుకునేది. మరి డిక్కీ ఎవరికి కావాలి?"

"ఈ ఇంట్లో జయమ్మ గుడ్డ తగలని చోటు లేదు. ఉన్న ఒక్క చోటు కారు డిక్కీ. సీసాను జయమ్మ కంట పడకుండా దాచాలనుకున్న మనిషే అక్కడ పెట్టారు. జయమ్మ నుంచి దాచిన దొంగ జయమ్మ ఎలా అవుతుంది?"

పునీత్ చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. "అంకుల్, నా డిక్కీ..."

"నీది కాదు. టార్చి వెయ్యి."

వెలుగు లక్క వెనక పడింది. ఉబ్బిన ఎర్ర లక్క మీద చిన్న చిన్న ఆరు పలకల గళ్లు. తేనెపట్టులా. వరసగా, స్పష్టంగా.

ఇస్మాయిల్ స్ట్రోలర్ కింద వేలాడే నెట్ బుట్టను లాగి, సీసా మెడకు ఆనించాడు. గడికి గడి సరిపోయింది.

"ఎండకు లక్క మెత్తబడింది. మీదున్న బరువుకి బుట్ట గుర్తు పడింది. రాత్రికి గట్టిపడింది. నిన్న పిల్లల స్నానం వేళ తెరిచున్న కార్టన్‌లోకి చేరింది. సీల్ వేసింది లూకా వాళ్ల అమ్మ. దాని మీద ముద్ర వేసింది ఈ స్ట్రోలర్."

రామప్రసాద్ భార్య వైపు చూశాడు. "నమ్రతా?"

ఆమె కిటికీ వైపే చూస్తోంది.

"నాకు స్ట్రోలర్ కన్నా ముందే అనుమానం వచ్చింది" అన్నాడు ఇస్మాయిల్. "దొంగ దొరికితే ఎవరైనా 'ముందు బయటికి పంపించండి' అంటారు. మీరు 'ఇంకో ఏడాది ఉంచుకుంటాం' అన్నారు. దొంగ చేతికి ఎవరైనా పసిపిల్లల్ని ఇస్తారా అమ్మా? ఆమె దొంగ కాదని ఈ ఇంట్లో గట్టిగా తెలిసింది మీ ఒక్కరికే."

నమ్రత ఇటు తిరిగింది. అరవలేదు. అరిచే ఓపిక కూడా ఆమెకు లేదు.

"జయమ్మ కన్నా ముందు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ చెప్పకుండా వెళ్లిపోయారు. ఏజెన్సీని అడిగితే నాలుగు నెలలంటాడు. ఈయన రాత్రి పదింటికి వస్తారు. స్కూలువాళ్లు ఇంకో సెలవు ఇవ్వరు. నేను నిద్రపోయి ఎంతకాలమైందో ఎవరైనా అడిగారా? జైల్లో పెట్టించాలని కాదు ఇస్మాయిల్ గారూ. భయపడి ఉండిపోతుందనుకున్నాను. అంతే."

"ఉండమని అడిగారా?"

"అడిగాను. పోవాలంది."

"జవాబు వచ్చింది కదమ్మా మరి."

"ఛీ" అన్నాడు రామప్రసాద్. "ఇంత పని చేస్తావా? నీకేం తక్కువ చేశాను?"

"మీరు ఆగండి." ఇస్మాయిల్ గొంతు మొదటిసారి గట్టిగా లేచింది. "ఆమె వీసాకు పూచీ పడిన కఫీల్ ఎవరు? మీరు. కూతురి పెళ్లప్పుడు ఎగ్జిట్ ఆపింది ఎవరు? మీరు. అప్పుడు ఫోన్లో ఒక్క బటన్ నొక్కారు. సీసా అవసరం పడలేదు. అంతే తేడా."

రామప్రసాద్ చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది.

"ఫోన్ తీయండి. ఎగ్జిట్ చూపించండి."

స్క్రీన్ మీద ఎగ్జిట్ వీసా ఇంకా చెల్లుబాటులోనే ఉంది. ఇస్మాయిల్ రెండుసార్లు చదివాడు. ఫోన్ తిరిగి ఇవ్వలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఈమె లోపలికి వెళ్లాక ఇస్తాను. హాస్పిటల్ నుంచి కాల్ వస్తే నేనెత్తి చెబుతాను."

కిచెన్‌లోకి నడిచాడు. లక్క చిదిపి, బిరడా పీకి, సీసాను సింకులోకి వంచాడు. గదంతా ఉడికిన ఖర్జూరం లాంటి వాసన.

"ఎంత మంచి వైనో" అన్నాడు పునీత్, గుమ్మంలో నిలబడి.

"ఉండేది" అన్నాడు ఇస్మాయిల్. ఖాళీ సీసాను పాత టవల్‌లో చుట్టి, సుత్తితో ముక్కలు చేశాడు.

జయమ్మ అప్పటికే చీరను పక్క సింకులో ఉప్పేసి ఉతుకుతోంది. పసుపు పచ్చ చీర. బాల్కనీలో ఆరేసింది. రియాద్ ఎండకు కాసేపట్లోనే గలగలమంది. కార్టన్‌కు మళ్లీ తాడు కట్టింది. ఈసారి ముడులు రెండింతలు వేసింది.

పెద్దోడు నిద్రపోయాడు. చిన్నోడు ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, నమ్రత చేతికిచ్చింది.

"వీనికి పాలు బాగా చల్లారినాక ఇయ్యండి మేడమ్. లేకుంటే కక్కుతాడు."

నమ్రత తలూపింది. క్షమించమని అనబోయినట్టుంది. జయమ్మ దానికోసం ఆగలేదు.

అయిదింటికి పది నిమిషాల ముందు ఇస్మాయిల్ కారు కదిలింది.

కారు ఎయిర్‌పోర్టు రోడ్డెక్కింది. జయమ్మ అడిగింది.

"అన్నా, ఆ సీసాలో ఉండింది సారాయేనా?"

ఇస్మాయిల్ అద్దంలో చూశాడు. "తెలీదా?"

"ఇన్నాళ్లూ పిల్లోళ్ల దగ్గు మందేమో అనుకుంటి. అంత భద్రంగా దాచినారు కదా."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వలేదు. "మందే. చెడిపోయింది."

డిపార్చర్స్ ముందు కారు ఆగింది. కార్టన్ ట్రాలీ మీదికి ఎక్కించాడు. జయమ్మ చేతి సంచిలోంచి చీర తీసి మడత విప్పింది. అంచు పక్కన అరచేతంత మరక. ఎరుపు పోయి ఊదా రంగుకు తిరిగింది.

"బాలింతకు మొదట కట్టించల్ల అని తీసుకుంటినన్నా. ఊర్లో ఇంగొకసారి సబ్బేసి ఉతికితే పోతాదా?"

చెడిపోయిన సరుకు గురించి ఇస్మాయిల్ ఏనాడూ అబద్ధం రాయలేదు. ఎంత పెద్ద కంపెనీ వాళ్లు బతిమాలినా రాయలేదు. ఆరిపోయిన ఈ మరక ఇక పోదు.

"పోతాది లేమ్మా" అన్నాడు.

ఆమె చీర మడిచి సంచిలో పెట్టుకుని, ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్లింది. ఆమె తల జనంలో కనబడకుండా పోయేదాకా చూశాడు. జేబులో డాక్టరు ఫోన్ మోగుతోంది. నమ్రత పేరు. మోగనిచ్చాడు.