ఐస్‌పెట్టెలో లేనిది

శాస్త్రవేత్తను కాల్చి చంపినవాళ్లు ఆమె మెడలో గొలుసు ముట్టుకోలేదు. చేతిలోని ఐస్‌పెట్టె మాత్రం లాక్కుపోయారు.

"మలేరియా శాంపిల్స్ పోయినట్టే," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ గదిలో కర్టెన్లు లాగుతూ.

విదేశీ ముఠా ఒకటి మలేరియా మాత్రలు చేస్తోంది. తనిఖీలో పరీక్ష ద్రవం రంగు మారడానికి సరిపడా మందు వేస్తారు, అంతకు మించి వేయరు. ఆ కాస్త మందుకి పరాన్నజీవి చావదు, రాటుదేలుతుంది. రేపు అసలు మందు వేసినా దానికి లెక్కుండదు. అప్పుడు ముఠా తన కొత్త మందు చెప్పిన ధరకు అమ్ముకుంటుంది. ఆ మాత్రల లారీ ఈ సాయంత్రమే జ్వరాల శిబిరాలకు బయలుదేరుతుంది. పాత మందు కలిపిన రక్తంలోనూ పరాన్నజీవి బతికే ఉందని కళ్లకు చూపిస్తేనే లారీ ఆపి, సర్కారు దాచి ఉంచిన రెండో మందు గిడ్డంగి తాళం తీయిస్తానని మందుల కొనుగోలు కమిటీ ఛైర్మన్ పట్టుబట్టాడు.

ఏజెంట్ ముంగిస పళ్లు నూరాడు. అక్క కూతురు ఆ మాత్రలే మింగి వార్డులో జ్వరంతో కాలిపోతోంది.

"కోపం ఇంట్లో పెట్టి వెళ్లు," అన్నాడు చీఫ్.

"ఇల్లంతా ఆసుపత్రిలోనే ఉంది సార్."

ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్లాడు. చనిపోయినావిడ శిష్యురాలు టేబుల్ మీది కళ్లజోడు తుడుస్తోంది, ఇంకా ఎవరో పెట్టుకుంటారన్నట్టు. చీఫ్ పంపాడని చెప్పి ఐస్‌పెట్టె మాట ఎత్తగానే చేదుగా నవ్వింది.

"అందులో ఉన్నవి మేడమ్ తాగే మంచినీళ్లు. ఈ పురుగుకి మన ఒంటి వేడి కావాలన్నా. ఐసులో పెడితే చస్తుంది. ఆ వెధవలకి అదీ తెలీదు."

వెచ్చటి ఇంక్యుబేటర్ తెరిచింది. లోపల మూతపెట్టిన గాజు జాడీ, అందులో ఆరిపోయిన కొవ్వొత్తి. ఈ జీవికి గాలి ఎక్కువైనా పడదు, అందుకే కొవ్వొత్తి వెలిగించి ఆ గాలిని కాల్చేస్తారు. కొవ్వొత్తి పక్కన చిన్న సీసాలో ఎర్రటి ద్రవం, పాత మందు కలిపిన రక్తం. ముంగిస సీసా మూత బిగించి, చొక్కా కింద పొట్టకు కట్టుకున్నాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ కెమెరా ఎందుకూ పనికిరాలేదు.

తలుపు దగ్గర సెంటు వాసన. పారిజాతం. డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే అందంగా అబద్ధమాడే ఏజెంట్.

"లిఫ్ట్ పనిచేస్తోందా?" అంది.

"కిందికి మాత్రమే," అన్నాడు అలవాటుగా.

కోడ్‌వర్డ్ సరిపోయింది. ఆమె పర్సులోంచి వచ్చిన పిస్టల్ సరిపోలేదు.

"వాళ్ల మనిషివా?"

"రెండు వైపుల మనిషిని. మిగతా శాంపిల్స్ ఎక్కడ? ఐస్ కూడా తెచ్చుకున్నాను."

ముంగిస కావాలనే ఫ్రీజర్ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. శిష్యురాలు అందుకుంది. ఆ ట్యూబులు మేడమ్ ప్రాణం, తీసుకుపోకమ్మా అని కాళ్లమీద పడి ఏడ్చింది. పారిజాతం ట్యూబులన్నీ ఐసులో సర్దుకుంది.

"పాత స్నేహం కొద్దీ కాల్చట్లేదోయ్," అని బయట తాళం వేసి పోయింది.

మెకానిక్ వేషం ఇక వేషం కాదు. స్క్రూలు విప్పి, కిటికీ ఏసీని లోపలికి లాగి, ఆ కంతలోంచి దూరి సందులోకి దూకాడు. మోచేయి చీరుకుపోయింది. సీసా పగల్లేదు.

కమిటీ గది కింద లారీ ఇంజన్ గుర్రుమంటోంది. లారీ కాగితాల మీద సంతకానికి ఛైర్మన్ పెన్ను మూత తీశాడు. ముంగిస అడ్డొచ్చిన గుమాస్తాను పక్కకు తోసి, అందరి ముందూ చొక్కా విప్పాడు.

మైక్రోస్కోపు కింద, ఎర్ర కణాల్లో, సన్నటి ఉంగరాల్లా అవి నిక్షేపంగా పెరుగుతున్నాయి. ఛైర్మన్ చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక పెన్ను పక్కన పడేసి, గేటుకి ఫోన్ చేశాడు. అప్పటికే కదిలిన లారీ గేటు దగ్గర ఆగింది.

రెండో మందు పడ్డాక మేనకోడలికి చెమట పట్టింది. దిండు తడిసిపోయింది, ఇంకోటి ఇమ్మని విసుక్కుంది. ఆ విసుగు విని అక్క కొంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది.

పారిజాతం విమానాశ్రయంలో ఉప్పునీళ్ల ట్యూబులతో దొరికింది. లాకప్‌లో దోమలకు లోటు లేదు. కొన్నాళ్లకు ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. కోపం చల్లారలేదు గానీ, ముంగిసే దుప్పటీ, నీళ్లూ, మాత్రలూ పట్టుకెళ్లాడు.

వణుకుతూనే ఆమె మాత్రను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి మా కంపెనీవి కావుగా?"