నీలి అంచు పళ్ళెం

"పిల్లలూ, ఒక ప్రశ్న. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే, ఆ గిన్నెను మనం ఖాళీగా తిరిగి ఇవ్వొచ్చా?"

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి సోఫాలో కూర్చున్న రత్నకుమారి, బడిలో అడిగినట్టే అడిగింది. రిటైరైనా ఆ గొంతు మారలేదు. ఐర్లండులోని ఆడమ్స్‌టౌన్‌లో ఆదివారం సాయంత్రం. టీ వేళకే కిటికీ బయట చీకటి పడిపోయింది.

"నో అమ్మమ్మా," అన్నాడు ఆకాష్, ఫోను దించకుండానే. "యూ పుట్ షుగర్ ఇన్ ఇట్, ఆర్ సమ్‌థింగ్."

"ఎందుకు?"

"బికాజ్ ఇట్స్ రూడ్," అంది మైథిలి.

"పూర్తి మార్కులు. మరి ఖాళీగానే తిరిగివ్వాల్సిన గిన్నె కూడా ఒకటుంటుందని ఎవరైనా చెప్పారా మీకు? చెప్పలేదు. కృష్ణవేణి ఆంటీకీ ఎవరూ చెప్పలేదు. పోయిన ఆదివారం మనింటికొచ్చి వెళ్ళిందే, సుధేష్ణ వాళ్ళమ్మ. ఆవిడే. ఫోను పక్కన పెట్టి వినండి."

రింగాస్కిడీ రేవు అవతల, నీళ్ళ ఒడ్డున ఒక చిన్న రాతి చర్చి ఉంది. క్రొయేషియా వాళ్ళది. ఐర్లండులో చర్చిలకు కరువా, వాళ్ళకు వేరేగా ఎందుకూ అంటారు మీరు. మతం ఒకటే, పోపు ఒకడే, నిజమే. కానీ మనిషి ఏ భాషలోనైనా ఉద్యోగం చేయగలడు గానీ, ఏడవడానికీ మొక్కుకోవడానికీ ఇంటి భాషే కావాలి. పరాయి దేశంలో ఒక జాతివాళ్ళు తమ ఫాదరును తెచ్చుకుని, తమ భాషలో పూజ జరుపుకునే చర్చిని నేషనల్ చర్చి అంటారు. క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఆ దేశపు కుర్రాళ్ళు చాలామంది పనులకోసం ఇక్కడ దిగారు. మొదట్లో ఐరిష్ వాళ్ళ మాస్ పూజ అయ్యాక వాళ్ళ చర్చిలోనే ఓ గంట వాడుకునేవారు, వేరేవాళ్ళ వంటింట్లో పొయ్యి అడిగి వండుకున్నట్టు. తర్వాత, ఎప్పుడో మూతబడ్డ ఈ రాతి చర్చిని అడిగి తీసుకున్నారు. అంతకన్నా మంచివి చూపించినా వద్దన్నారట. కారణం, దాని వెనకున్న గొయ్యి.

ఆ గోతిలో ఉన్నది వాళ్ళవాళ్ళే. తెరచాపల ఓడల కాలంలో, ఆ దేశపు తీరం నుంచి ఒక ఓడ నిండా గోధుమలు వేసుకుని ఈ రేవుకొచ్చింది. ఓడలో జబ్బు. అంటురోగమని భయపడి ఒడ్డున ఉన్నవాళ్ళు దిగనివ్వలేదు. నిజానికి అది అంటేది కాదు, స్కర్వీ. నిమ్మకాయో, ఆకుకూరో చాలాకాలం నోట్లో పడకపోతే చిగుళ్ళు కుళ్ళి, పళ్ళు ఒక్కొక్కటీ ఊడిపోతాయి. వాళ్ళ దగ్గర మిగిలింది అడుగున తడిసి, ఉబ్బి, మొలకలెత్తి కంపుకొడుతున్న గోధుమలు. పళ్ళు మిగిలినవాడు నమిలి ముద్ద చేసి, పళ్ళు లేనివాడి నోట్లో పెట్టేవాడట. అలా కొన్నాళ్ళు బతికారు. చివరికి అందరూ పోతే, ఒడ్డునున్నవాళ్ళు ఒకే గోతిలో పూడ్చారు. మొహం అలా పెట్టకు మైథిలీ, ఇంకా ఉంది.

కృష్ణవేణి ఈ సంగతులేవీ ఎరగదు. ఆమె భర్త త్రినాథ్ అక్కడి మందుల కంపెనీలో ఇంజనీరు. ఆ ఏడు కార్తీక వనభోజనాలకు వాన అడ్డమొస్తే, తెలుగువాళ్ళంతా ఆ చర్చి పక్కనున్న హాలు అద్దెకు తీసుకున్నారు. కృష్ణవేణి ఆరేళ్ళ సుధేష్ణను వెంటబెట్టుకుని, బల్లలు సర్దడానికి అందరికంటే ముందు వెళ్ళింది. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె కోసం వెతుకుతూ చర్చిలోకి నడిచింది.

లోపల తడి రాయి వాసన, మైనం వాసన. గోడకున్న రాతిపలక కింద చిన్న బల్ల. బల్లమీద ఎర్రగాజులో దీపం. దాని పక్కన నీలి అంచున్న రేకు పళ్ళెం, పైన తెల్లగుడ్డ.

గుడ్డ తీసింది. ఉడికించిన గోధుమలు, తేనె, వాల్‌నట్ పలుకులు. ఇంకా వెచ్చగా ఉంది.

అన్నవరం ప్రసాదం తిన్న మనిషి అది చూసి ఏమనుకుంటుంది? చర్చి చూసుకునే మాండా ఆంటీ మనకోసమే పెట్టి వెళ్ళిందనుకుంది. దేవుడి దగ్గరిది, ఏ దేవుడైతేనేం. కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంది. ఆకలేస్తోందని గొణుగుతున్న సుధేష్ణకు మిగతాదంతా పెట్టింది. పిల్ల పళ్ళెం నాకేసింది.

ఇక్కడిదాకా తప్పేమీ లేదు. తప్పు తర్వాత జరిగింది.

పళ్ళెం ఇంటికి తీసుకెళ్ళి తోమింది. ఖాళీగా ఎలా ఇస్తాం అనుకుంది. మరుసటి వారం పులిహోర కలిపి, పళ్ళెం నిండా పెట్టి, తీసుకెళ్ళి అదే బల్లమీద, అదే గుడ్డ కప్పి వచ్చింది. మాండా కనబడలేదు. కారెక్కుతుంటే మనసు తేలికగా ఉందట.

మర్నాడు పొద్దున్న టీ పొడి కోసం వంటింటి అల్మారా, అదే ప్రెస్, తలుపు తీసింది. నీలి అంచు పళ్ళెం అందులో ఉంది.

దానిలో పులిహోర ఉంది. కానీ అది పులిహోర కాదు. మెతుకులు మెత్తగా ముద్దైపోయి, ముద్ద చుట్టూ జిగురు సాగుతోంది. పల్లీలు చీకి వదిలేసినట్టు తెల్లగా ఉన్నాయి. కరివేపాకు నమిలిన పిప్పి. తడిసిన గోనెసంచి వాసన, దాని కింద చీముపట్టిన చిగుళ్ళ వాసన.

"ఏవండీ, ఈ పళ్ళెం మీరు తెచ్చారా?"

"నువ్వే తిరిగిచ్చేశానన్నావుగా," అన్నాడు త్రినాథ్, బూటు లేసు కట్టుకుంటూ. దగ్గరికొచ్చి చూసి ముక్కు మూసుకున్నాడు. "ఛీ, ఏమిటది? పిల్లి కక్కిందా?"

"మనకు పిల్లెక్కడుంది?"

అదంతా తిండి చెత్త వేసే బ్రౌన్ బిన్‌లో పారేసింది. పళ్ళేన్ని చింతపండుతో తోమింది, ఉప్పుతో తోమింది, మరిగే నీళ్ళు పోసింది. పైన వేలు పెడితే జిడ్డు జారుతూనే ఉంది. మర్నాడు ప్రెస్‌లో మళ్ళీ అదే పళ్ళెం, ఈసారి గోధుమలు. నమిలినవి. కొన్ని గింజలకు మొలకలు కూడా.

దానికంటే పెద్ద బాధ ఇంకోటి మొదలైంది. సుధేష్ణ తిండి మానేసింది. అన్నం పెడితే ఉమ్మేస్తుంది, ఇడ్లీ పెడితే ఉమ్మేస్తుంది. పాస్తా కూడా వద్దంది. జీపీ డాక్టరు చూసి, పిల్లలు అంతే, కొన్నాళ్ళు మారాం చేస్తారు, షీ విల్ బీ గ్రాండ్, బాగైపోతుంది, అంది. పిల్ల చెంపలు లోపలికి పోయాయి, మెడ ఎముకలు తేలాయి. స్కూల్ యూనిఫాం భుజాలమీంచి జారిపోతోంది.

ఒకరోజు కృష్ణవేణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బతిమాలింది. "ఒక్క ముద్దరా బంగారం. అమ్మ కోసం."

"ఇట్స్ టూ హార్డ్, అమ్మా."

"పెరుగన్నం గట్టిగా ఉందా?"

"దే మేక్ ఇట్ సాఫ్ట్ ఫర్ మీ." పిల్ల తల్లి చెవి దగ్గరికి జరిగి గుసగుసగా అంది. ఆ నోటినుంచి గోనెసంచి వాసన కొట్టింది. "బట్ యూ కీప్ త్రోయింగ్ ఇట్ అవే."

ఆ మధ్యాహ్నమే కృష్ణవేణి పళ్ళెం పట్టుకుని చర్చికి పరిగెత్తింది.

మాండా బెంచీలు తుడుస్తోంది. కృష్ణవేణి చేతిలో పళ్ళెం చూడగానే తుడిచే గుడ్డ బకెట్లో పడేసింది. కథంతా విని, మెల్లగా అడిగింది.

"తిన్నారు సరే. పిల్లలు తింటే వాళ్ళేమీ అనుకోరు. కానీ తిరిగి నింపారా?"

"మాలో ఖాళీగా ఇవ్వకూడదు, ఆంటీ."

"మాలో నింపకూడదు." మాండా బెంచీ మీద కూలబడింది. "నవంబరు మాకు చనిపోయినవాళ్ళ నెల, అప్పుడు వాళ్ళకు ఒక్కసారి పెడతాం. తర్వాత పళ్ళెం కడిగి బోర్లిస్తాం. బోర్లిస్తే, ఇక చాలు, పడుకోండి అని. మీరు వాళ్ళకోసం వండి తెచ్చారు. ఒకసారి పెట్టాక, వాళ్ళ కోసం మళ్ళీ వండి తెచ్చినవాళ్ళు ఇంతదాకా ఎవరూ లేరు. ఇప్పుడు వాళ్ళు మీ పిల్లకు పెడుతున్నారు. వాళ్ళకు తెలిసిన పద్ధతిలోనే. మర్యాద తెలిసినవాళ్ళు, పాపం."

"నా బిడ్డ చచ్చిపోతుంది ఆంటీ."

"వాళ్ళు పెట్టింది మీరు తినాలి. పెట్టినదంతా. ఒక్క గింజ మిగల్చకుండా తిని, పళ్ళెం బోర్లించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి." మాండా లేచి బకెట్ అందుకుంది. "నేనిక్కడ ఉండను. నాకు చూసే ధైర్యం లేదు."

తలుపు మూసుకుంది. కిటికీ అద్దాల్లో వెలుగు బూడిదరంగయ్యి, తర్వాత అదీ పోయింది. ఎర్రగాజు దీపం ఒక్కటే. కృష్ణవేణి ఖాళీ పళ్ళెం బల్లమీద పెట్టి, కళ్ళు మూసుకుంది.

మొదట వాసన వచ్చింది. తడి గోధుమలు... పాత ఉప్పునీళ్ళు... కుళ్ళిన చిగుళ్ళు. తర్వాత చప్పుడు. వెనక బెంచీల్లోంచి. చప్... చప్... చప్. పళ్ళు లేని నోళ్ళు నములుతున్న చప్పుడు. నిదానంగా, ఓపిగ్గా. ఒకరి తర్వాత ఒకరు. ఆ చప్పుడు బెంచీ బెంచీ దాటుకుంటూ ముందుకొచ్చింది. ఆమె భుజం దాకా వచ్చింది. ఏదో మెత్తగా, తడిగా, పళ్ళెంలో పడింది.

కళ్ళు తెరిచింది. పళ్ళెం నిండుగా ఉంది. ఆవిరి లేస్తోంది. ఒంటి వేడి.

మనలో తల్లులు పిల్లల ఎంగిలి తింటారు కదా. మీ అమ్మ మీరు వదిలేసిన ముద్ద పారేయకుండా నోట్లో వేసుకోవడం మీరు చూశారు. ఎవరైనా అసహ్యపడతారా? కృష్ణవేణి అదే తలుచుకుంది. ఇది నా సుధేష్ణ ఎంగిలి, నా సుధేష్ణ వదిలేసింది అనుకుంటూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

జిగురు. పులుపు. నాలుకమీద సాగింది. కడుపులోంచి తన్నుకొచ్చింది, నోరు గట్టిగా మూసుకుని మళ్ళీ మింగింది. రెండో ముద్ద. మధ్యలో నెత్తురు రుచి, ఇనుము నాకినట్టు. నమలాల్సిన పని లేదు... అదే అన్నిటికంటే రోతగా ఉంది. ఎవరో ఆమె కోసం నమిలేశారు. పక్కనే ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు. ఆమె చూడలేదు. వేళ్ళతో అడుగు ఊడ్చింది. అంచు నాకింది. సుధేష్ణ నాకినట్టే.

చివరి ముద్దలో ఏదో గట్టిగా తగిలింది.

నాలుకతో పక్కకు తోసింది. చిన్నది. నున్నగా ఉంది. ఒకవైపు రెండుగా చీలిన మొన.

పన్ను.

మింగాలనే అనుకుంది. గొంతు ఒప్పుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించింది... గొంతు ఒప్పుకోలేదు. చేతిరుమాలులో ఉమ్మి, మడిచి, కోటు జేబులో పెట్టుకుంది. పన్ను తిండి కాదుగా, గింజ కాదుగా, అని తనకు తనే చెప్పుకుంది. పళ్ళెం బోర్లించింది. వెనక్కి చూడకుండా నడిచింది.

ఇంటికొచ్చేసరికి సుధేష్ణ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, ఆకలి," అంది. తెలుగులో. రెండు పళ్ళేల పెరుగన్నం తిని, ఆవకాయ కూడా అడిగింది. కృష్ణవేణి వంటింటి నేలమీద కూర్చుని ఏడ్చింది.

రత్నకుమారి అక్కడ ఆపింది.

"సో షీ వాజ్ గ్రాండ్," అన్నాడు ఆకాష్. ఫోను ఎప్పుడో పక్కన పెట్టేశాడు.

"సుధేష్ణకేం, నిక్షేపంలా ఉంది. మొన్న చూశారుగా, మీ ఇద్దరి వాటా చపాతీలు కూడా అదే తినేసింది."

"అండ్ ద టూత్?" మైథిలి కాళ్ళు సోఫామీదికి లాక్కుంది. "అది ఎక్కడుంది, అమ్మమ్మా?"

"అదే అడిగాను కృష్ణవేణిని. కోటు జేబులోనే ఉంచేసిందట, ఎక్కడ పారేయాలో తెలియక. పోయిన ఆదివారం ఇక్కడికి వచ్చినప్పుడు ఆ కోటే వేసుకుంది. మెట్ల కింద కొక్కేనికి తగిలించింది. వెళ్ళేటప్పుడు జేబు తడుముకుంటే లేదంది." రత్నకుమారి మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది. "ఉండండి. సింకులో పళ్ళెం సగం తోమి వదిలేసి వచ్చాను. ఎంత తోమినా జిడ్డు పోవడంలేదు పొద్దుట్నుంచీ."

మైథిలి అన్నవైపు చూసింది.

"అమ్మమ్మా," అంది మెల్లగా. "డిష్‌వాషర్ పాడైందని ఈరోజంతా మనం పేపర్ ప్లేట్లలోనే తిన్నాం కదా."

"అవునమ్మా," అంది రత్నకుమారి, కొంగు బిగించి వంటింట్లోకి నడుస్తూ. "పేపర్ ప్లేట్లలోనే తిన్నాం."

కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.