లా గులెత్ రేవులో తెల్ల ఓడ

లసాద్ శవం లా గులెత్ కాలువలో, చేపల పడవల మధ్య తేలింది. ఒంటి మీద దెబ్బ లేదు. మెడ వెనక మాత్రం సూది గుచ్చినట్టు ఎర్రటి చుక్క.

తాగి పడిపోయాడనుకున్నారు పడవలవాళ్లు. కర్నల్ షాదిలీ అలా అనుకోలేదు. లసాద్ మందు ముట్టడు. పైగా అతను కర్నల్ నడిపే రహస్య విభాగంలో ఏజెంట్.

ఆ విభాగం ఆఫీసు ట్యూనిస్ నగరంలో ఒక పళ్ల డాక్టరు బోర్డు వెనక ఉంది. పేషెంట్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న ఏజెంట్ హాతిమ్‌కి కర్నల్ బ్రీఫింగ్ ఇస్తున్నాడు.

"లసాద్ చివరి ఫోన్‌లో ఒక్క మాటే అన్నాడు. 'ఓడ ఒక మనిషిని ఎత్తుకెళ్తుంది' అని. ఎవర్నో చెప్పేలోపే లైన్ తెగింది."

"ఏ ఓడ సర్?"

"రేపు పొద్దున 'బ్లాంకా మేర్' మళ్లీ వస్తోంది. లసాద్ పోయిన రోజు కూడా అది ఇక్కడే ఉంది. విహారయాత్ర ఓడ. సాయంత్రానికి లంగరెత్తేస్తుంది. టూరిస్టుల్లో పరదేశపు ముఠా ఒకటుంది."

"ఎత్తుకెళ్లాల్సినంత మనిషి మన ఊళ్లో ఎవరున్నారు?"

"డాక్టర్ బేయా. మన నౌకాదళం వాడే రహస్య సంకేతాలన్నీ ఆవిడ బుర్రలోంచి పుట్టినవే. ఆవిడ వాళ్ల చేతికి చిక్కితే మన ఓడలన్నీ వాళ్ల అరచేతిలో ఉన్నట్టే. కాపలా పెడతానంటే నా మీద చెప్పు తీసింది."

"ఓడలో మనవాళ్లు?"

కర్నల్ కిటికీ దగ్గరికి నడిచి తెర సర్దాడు.

"ఇన్సాఫ్. రెండేళ్లుగా ముఠాలో చేరి మనకి సమాచారం ఇస్తోంది. బయటికి ఆ ఓడలో టూరిస్టుల్ని ఊరు తిప్పే హోస్టెస్. కానీ లసాద్ ఎక్కడ దాక్కున్నాడో ఆ పిల్లకి ఒక్కదానికే తెలుసు."

"అమ్ముడుపోయిందంటారా?"

"తెలీదు. అదే నన్ను తినేస్తోంది. నువ్వు గైడ్ వేషంలో వెళ్లు. ఇది చెవి మీద పెట్టుకో." ఆ ఊరి మగాళ్లు వేసవిలో చెవి మీద దోపుకునే మల్లెమొగ్గల గుత్తి చేతిలో పెట్టాడు. "మైకూ, స్పీకరూ ఇందులోనే ఉన్నాయి."

హాతిమ్ వాసన చూశాడు. "ప్లాస్టిక్‌వా సర్?"

"అందుకే, ఎవర్నీ ముక్కు దగ్గరికి రానీకు."

మర్నాడు తెల్లారేసరికి కస్టమ్స్ షెడ్ల కప్పులకి పైన తెల్లగా, గోడలా నిలబడి ఉంది ఓడ. ఎర్ర టోపీ, చేతిలో చిన్న జెండా, చెవి మీద మల్లెలతో హాతిమ్ కింద వేచి ఉన్నాడు. టూరిస్టులు కెమెరాలు సర్దుకుంటూ దిగారు. వాళ్ల ముందు ఇన్సాఫ్. సముద్రపు రంగు సూటు, నల్ల కళ్లద్దాలు. రేవులో మూటలు మోసేవాళ్లు పని ఆపి మరీ చూశారు.

హాతిమ్ కోడ్ మాట విసిరాడు. "మేడమ్, మా ఊరి బంబలూని తిన్నారా? నూనెలోంచి వేడివేడిగా తీసి ఇస్తారు."

'చక్కెర తక్కువైంది' అంటే అంతా క్షేమం.

"తిన్నా," అంది ఇన్సాఫ్ నవ్వుతూ. "చక్కెర మరీ ఎక్కువైంది."

ప్రమాదం! ఎవరికి ప్రమాదమో అడిగే వీల్లేదు. ఆమె వెనకే ఒక చక్రాల కుర్చీ దిగుతోంది. అందులో హోల్గర్ అనే ముసలాయన. మనిషి బాగా పొడుగు, ఆ కుర్చీ చాలక మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతున్నాయి. ఒళ్లో దుప్పటి, పెద్ద టోపీ, నల్లద్దాలు, ముక్కుకి మాస్కు. కుర్చీ తోస్తున్న మగ నర్సు వెర్నర్ మాట్లాడడు, నవ్వడు.

"ఎండ! కంపు! నరకం!" అని ముసలాయన దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

బస్సు సరస్సు మీది రోడ్డు దాటి పాతనగరం గుమ్మం దగ్గర ఆగింది. కప్పు వేసిన బజారు సందుల్లో వెలుతురు ముక్కలు ముక్కలుగా పడుతోంది. రాగి పళ్లేలు కొట్టే చప్పుడు, తోపుడు బళ్లవాళ్ల అరుపులు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు గోడకి ఆనుకుని నిలబడి, హాతిమ్ చూడగానే తల తిప్పుకుంటున్నారు. వాళ్లు నిజంగానే చూస్తున్నారో, తన భయమే అలా చూపిస్తోందో అతనికి తేల్చుకోవడం కష్టంగా ఉంది.

మల్లెల్లోంచి కర్నల్ గొంతు గరగరలాడింది. "హాతిమ్! మనవాళ్లు ఇంటి ముందు కాపలా కాస్తుంటే బేయా పెరటి తలుపులోంచి జారుకుంది. నారింజపూల నీళ్లు కొనుక్కోవాలట! అత్తర్ల బజారుకి వచ్చి ఉంటుంది."

హాతిమ్ నిలబడ్డది సరిగ్గా అక్కడే. వెతకబోయేలోపు ఇన్సాఫ్ చేయి పట్టుకుంది.

"గైడు గారూ, ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ కొట్టేశారు. ఇటు రండి, తొందరగా!"

ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. మలుపు తిరిగితే బ్యాగూ లేదు, దొంగా లేడు. హాతిమ్ వెనక్కి పరిగెత్తాడు. ఒక అత్తరు కొట్టు షట్టర్ సగం దించి ఉంది. లోపల కొట్టువాడు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. నేల మీద పగిలిన నారింజపూల నీళ్ల సీసా, బోర్లా పడ్డ తాటాకుల బుట్ట.

"ఎంత పని చేశావే?" వెనకే వచ్చిన ఇన్సాఫ్‌తో పంటి బిగువున అన్నాడు.

ఇన్సాఫ్ మొహంలో ఏ కదలికా లేదు. మెడలో వేలాడే ఓడ బ్యాడ్జీని ఒకసారి వేలితో తట్టి, "సందు చివర తెల్ల వ్యాన్ వెళ్లడం చూశాను," అని పైకే అనేసి టూరిస్టుల వైపు నడిచింది.

కర్నల్ తన మనుషులందర్నీ వ్యాన్ వెనక పంపాడు. హాతిమ్ మాత్రం బస్సు వదల్లేదు. తిరిగి రేవుకి వచ్చేదాకా ఒక్కో సీటూ చూస్తూనే ఉన్నాడు. పొద్దున వచ్చినవాళ్లే. కొత్త మొహం లేదు.

ఓడ కూత పెట్టింది. టూరిస్టులు ఎక్కుతున్నారు. ఆ మెట్ల వంతెన దాటాక ఓడ కదిలిందంటే ఇక చేసేదేమీ లేదు.

మల్లెలు మళ్లీ పలికాయి. "వ్యాన్ దొరికింది. బేయా లేదు. ఎవడో పొడుగాటి ముసలాడు, నోరు విప్పడం లేదు."

పొడుగాటి ముసలాడు!

హాతిమ్ తలెత్తాడు. వంతెన మీద చక్రాల కుర్చీ పైకి వెళ్తోంది. అదే టోపీ, అదే దుప్పటి, అదే మాస్కు. కానీ ఇప్పుడు మోకాళ్లు గడ్డం దగ్గర లేవు. బూట్లు కాలిపలకకి అందక గాల్లో వేలాడుతున్నాయి. పొద్దుటి నుంచి సణిగిన నోరు బజారు దాటాక ఒక్క మాటా అనలేదు.

అతను పరిగెత్తాడు. పైన ఓడ తలుపు దగ్గర టికెట్ కార్డులు తనిఖీ చేస్తున్నది ఇన్సాఫే.

"పేషెంటుకి బాగోలేదు. దారివ్వు," అన్నాడు వెర్నర్.

"కార్డు చూశాను. మొహం చూడాలి."

"నీకేం పిచ్చా? పక్కకి తప్పుకో!"

ఇన్సాఫ్ కుర్చీ బ్రేకు మీద కాలేసి తొక్కిపట్టింది. ముసలాయన నల్లద్దాలు లాగేసింది. వాటి వెనక మత్తులో మూసుకుపోయిన కళ్లు, కాటుక పెట్టుకున్న కళ్లు!

వెర్నర్ జేబులోంచి పెన్ను తీశాడు. దాని మొనలో సూది మెరిసింది. ఇన్సాఫ్ మెడకి జానెడు దూరంలో ఉండగా హాతిమ్ వెనకనుంచి ఆ మణికట్టు పట్టేశాడు. ఇద్దరూ పెనుగులాడుతూ తాళ్ల కమ్మీకి గుద్దుకున్నారు. హాతిమ్ భుజం అడ్డుపెట్టి ఒక్క విసురు విసిరాడు. వెర్నర్ పల్టీ కొట్టి ఓడకీ గట్టుకీ మధ్య నల్లటి నీళ్లలో పడ్డాడు. కస్టమ్స్ వాళ్లు కొక్కెం వేసి, తడిసిన గోనెసంచిలా పైకి లాగారు.

ఇన్సాఫ్ మెడలో బ్యాడ్జీ తెంపి సముద్రంలోకి విసిరింది. "అందులో వాళ్ల మైకు ఉంది. నీకేదైనా చెప్తే మనిద్దరం చచ్చేవాళ్లం. నిన్ను పక్కకి లాగకపోతే ఆ సూది నీకే."

"మరి లసాద్?"

ఆమె వంతెన మెట్టు మీద కూర్చుంది. "నన్ను వెంబడించి అతను దాక్కున్న చోటు పసిగట్టారు. చంపేటప్పుడు నన్ను ఎదురుగా నిలబెట్టారు హాతిమ్, నా మొహం ఎలా మారుతుందో చూద్దామని. నేను నవ్వాను. అతను నన్ను చూస్తూనే పోయాడు."

హాతిమ్ తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

చీకటి పడే వేళకి నౌకాదళ ఆసుపత్రిలో డాక్టర్ బేయా కళ్లు తెరిచింది. మంచం పక్కన కర్నల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బేయా గారూ, ఇకనైనా కాపలాకి ఒప్పుకుంటారా?"

"నీ కాపలా తగలెయ్య! ఏళ్ల తరబడి ఏ డాక్టరూ నాకు నిద్ర పట్టించలేకపోయాడు," అందావిడ ఒళ్లు విరుచుకుంటూ. "ముందు ఆ దొంగ వెధవనడిగి, ఆ మత్తుమందు పేరేంటో కనుక్కో."