సున్నా దగ్గర కుదుపు

పెట్టె అక్కడే ఉంది. లోపలి అసలు బోర్డే లేదు.

స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లోని బెజాన్సాన్ ఊళ్లో ఉదయం ఎనిమిదిన్నర. దూ నది మీద మంచుపొగ ఇంకా విడలేదు. ఒదీల్ కునో తన వర్క్‌షాపులో బల్లకు చేరగిలబడి నిలబడింది. ముప్పయ్యేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే. రెండు అణు గడియారాలను పోల్చినప్పుడు పుట్టే అల సున్నాను దాటే క్షణాన్ని పట్టుకునే డిటెక్టర్లు చేస్తుంది. ఆ క్షణంలో కుదుపు ఉంటే గడియారం ఎంత గొప్పదైనా దండగే.

మధ్యాహ్నం రెండింటికి, గడియారాలు సరిచూసే వేధశాల వాళ్లు వచ్చి కొత్త డిటెక్టరును పరీక్షించి తీసుకెళ్లాలి. వాళ్లు వద్దంటే వర్క్‌షాపు మూసుకోవడమే.

పొద్దున్నే ఒకసారి సరిచూసుకుందామని స్విచ్ వేస్తే తెర మీద గీత గజగజలాడింది. పెట్టె విప్పింది. చూడటానికి అచ్చం తన బోర్డే. సోల్డర్ అతుకులు మాత్రం తమ చేతివి కావు.

పోలీసు కెప్టెన్ రెజీన్ బూవరె తొమ్మిదింటికి వచ్చింది. తలుపు పగల్లేదు. కిటికీ గీసుకుపోలేదు. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. ఒదీల్, ఆమె కూతురు సొలేన్, అమ్మకాలు చూడటానికి ఏడాది కిందట చేరిన ఇంజనీర్ థియెరి మాయో. మాయో అంతకుముందు వేగానికి పేరుపడ్డ కంప్యూటర్ల కంపెనీలో పనిచేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రెజీన్‌కు ఆ సామెత మీద మొదటినుంచీ గురి తక్కువ.

"ఎవరి మీద అనుమానం మేడమ్?"

ఒదీల్ చేతిలోని పెట్టె మూతను బల్ల మీద పెట్టింది.

"మా అమ్మాయి మీద."

"ఎందుకు?"

"నిన్న పోట్లాడుకున్నాం. స్విట్జర్లాండ్ కంపెనీ వాళ్లు రమ్మంటున్నారట. జీతం రెట్టింపు. ఉత్తచేతులతో వచ్చేదాన్ని అంత జీతమిచ్చి ఎవరు పిలుస్తారు?"

గుమ్మంలో సొలేన్ నిలబడి ఉంది. అంతా విన్నది. వెనక్కి తిరిగి బయటికి వెళ్లిపోయింది.

రెజీన్ నకిలీ బోర్డును చేతిలోకి తీసుకుంది. వరసగా నాలుగు చిప్పులు. నాలుగింటి మీదా పేర్లు గీకేసి ఉన్నాయి. ఎవరూ కాపీ కొట్టకుండా ఈ పనివాళ్లు అలా గీకేయడం మామూలే. దొంగ ఆ గీకుడుతో సహా దించేశాడు.

అసలుది ఎలా ఉంటుందని అడిగితే ఒదీల్ కారు గేర్లతో పోల్చి చెప్పింది. వచ్చే అల చాలా నెమ్మది. దాన్ని మొదట నెమ్మది చిప్పుకే ఇవ్వాలి. తర్వాత కాస్త వేగమైనదానికి. అన్నిటికన్నా వేగమైనది ఆఖర్న. ఆగి ఉన్న బండిని నేరుగా నాలుగో గేరులో లాగితే కుదుపే. ఇక్కడా అంతే, వేగమైనదాన్ని ముందు పెడితే చుట్టూ ఉన్న రొదంతా వచ్చి అలలో కలుస్తుంది.

"ఇందులో వరస ఎలా ఉంది?"

ఒదీల్ మీటరు పెట్టి ఒక్కొక్కటే కొలిచింది. వరస తిరగబడి ఉంది. ఆ సంగతి బయట చెప్పొద్దని రెజీన్ గట్టిగా చెప్పి, మిగతా ఇద్దరినీ పిలిచింది.

"ఈ నాలుగింట్లో అన్నిటికన్నా వేగమైనది ఏది?"

"మా బోర్డయితే నాలుగోది," అంది సొలేన్. "ఇది మాది కాదు. కొలవకుండా చెప్పలేను."

"మీరు?"

"మొదటిది," అన్నాడు మాయో, తడుముకోకుండా.

"ఎలా తెలుసు? పేర్లు లేవు కదా."

"తెలియడానికేముంది? వేగమైనదాన్ని ముందు పెట్టడం ఏ ఇంజనీరైనా చేసేదే."

"ఈ వర్క్‌షాపులో ఎవరూ చేయరు. ఏడాదిగా వీళ్ల డిటెక్టర్లు అమ్మిపెడుతున్నారు. ఒక్కటైనా చేసి చూశారా?"

మాయో చెయ్యి కారు తాళంచెవి ఉన్న జేబు మీదికి వెళ్లింది.

రెజీన్ ఒదీల్ వైపు తిరిగింది. "ఈ నకిలీ మధ్యాహ్నం పరీక్షలో నెగ్గాలి మేడమ్. నెగ్గితే దొంగతనం జరిగినట్టే ఎవరికీ తెలియదు. దొంగ ఆశ అదే. మీ అమ్మాయే దొంగయితే నెగ్గే బోర్డే పెట్టేది. ఆమెకు చేయడం వచ్చు. ఇది చేసినవాడికి రాదు, వచ్చనుకున్నాడు."

అసలు బోర్డు మాయో కారులో స్టెప్నీ కింద, కంబళి ముక్కలో చుట్టి దొరికింది. సరిహద్దు అవతల బేరం కుదిరిపోయిందని అతనే ఒప్పుకున్నాడు.

సొలేన్ అసలు బోర్డు బిగించింది. తెర మీద గీత నిలబడింది. రెండింటికి వచ్చినవాళ్లు మూడు దాటాక తలలూపి, సంతకం పెట్టి, పెట్టె పట్టుకెళ్లారు. వర్క్‌షాపు గండం గడిచింది. రెజీన్ కోటు వేసుకుంటోంది.

"సొలేన్, తొందరపడ్డానే," అంది ఒదీల్.

"రానని నిన్న పొద్దున్నే స్విట్జర్లాండ్ వాళ్లకి చెప్పేశానమ్మా. రాత్రి అదే చెప్పబోయాను, నువ్వు చివరిదాకా విన్లేదు." సొలేన్ ఫోన్ తీసింది. "ఇవాళ మళ్లీ చేస్తాను. వస్తున్నానని చెబుతాను."

ఒదీల్ ఫోన్ వైపు చెయ్యి చాపింది. సొలేన్ అప్పటికే నంబరు నొక్కి గుమ్మం వైపు నడిచింది.