బోరింగు కొట్టిన చెయ్యి

దగ్గరగా జరగండర్రా... ఆ లాంతరు కాస్త ఇటు పెట్టండి. మన నెమలి ఊరి గుళ్ళో స్వామిని ఒక్కసారి తలుచుకుని, వినండి.

డెబ్బైల నాటి మాట. తిరువూరు బస్టాండు వెనకాల ఓ మూతబడ్డ బ్యాటరీల షెడ్డు ఉండేది. వాన పడితే చాలు, లోపల్నించి సుయ్‌మని... ఎవరో పళ్ళబిగువున ఊపిరి వదిలినట్టు. దాని పిట్టగోడ మీద ఆరేసిన చీరలకి చిల్లులు. దెయ్యం కొరికిందనేవాళ్ళు. పొద్దుగూకితే ఆ సందులోకి ఎవరూ పోయేవాళ్ళు కాదు.

ఆ గోడ పక్కింట్లోనే నాగేంద్రమ్మ అద్దెకుండేది. ఇల్లు ఖాళీ చేద్దామని మొగుడు హనుమయ్య ఒకటే పట్టు. ఇల్లు మారి ఏడాదైనా కాలేదు. సామాను కట్టలేక, విప్పలేక ఆవిడ విసిగిపోయి ఉంది. తాళం తీసి చూడండయ్యా అంటే షెడ్డాయన నవ్వి పంపించాడు. మళ్ళీ మారలేనని మొగుడితో చెబితే వినబడనట్టు పేపరు తిప్పాడు.

ఓ వాన సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మళ్ళీ మొదలైంది — సుయ్... సుయ్...

ఇక ఆవిడ ఓర్చుకోలేకపోయింది. పిల్లలకి దిష్టి తీసినట్టే దీన్నీ తీసి పారేస్తానని, పసుపూ సున్నం కలిపి చెంబెడు ఎర్రనీళ్ళు పట్టుకెళ్ళింది. విరిగిన కిటికీలోంచి తొంగి చూస్తే, కిందే మూతలేని పింగాణీ జాడీ. చప్పుడు అందులోంచే.

"నువ్వే పో... నేను పోను," అని గొణిగి, చెంబు వొంపేసింది.

జాడీలోది భగ్గున పైకి లేచింది. మొహం మీద, చేతుల మీద నిప్పులు చిమ్మినట్టు...

కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ వీధి బోరింగు గొట్టం కింద కూలబడింది. పిడి దాకా చెయ్యి అందలేదు. అయినా — పిడి కిర్రుమంది. ధార పడింది. ఆగకుండా... చాలాసేపు పడుతూనే ఉంది.

మర్నాడు విస్సన్నపేట నుంచి బ్యాటరీ మేస్త్రి అంతోనయ్యని పిలిపించారు. కప్పులోంచి వానచుక్కలు చిక్కటి యాసిడ్‌లో పడి సుయ్‌మంటున్నాయని, కిటికీలోంచి గోడ మీదికి చిమ్మిన ఆ తుంపరలకే చీరలకి చిల్లులు పడ్డాయని తేల్చేశాడు.

"యాసిడ్‌లో నీళ్ళు పోస్తే మీదికి లేస్తుందమ్మా. వొంటి మీద పడితే మాత్రం నీళ్ళే దిక్కు. ఆ బోరింగు కొట్టినవాళ్ళకి దణ్ణం పెట్టుకో, నీ కళ్ళు నిలబెట్టారు."

నాగేంద్రమ్మ మొగుడి వైపు చూసింది. నేను కాదన్నట్టు హనుమయ్య తల అడ్డంగా ఊపాడు.

"నేను బస్సు దిగి వచ్చేటప్పటికి నీళ్ళు పడుతూనే ఉన్నాయే..." అన్నాడు మెల్లగా. "పిడి దానంతటది ఆడుతోంది. పక్కన ఎవరూ లేరు."

ఇల్లు మాత్రం మారలేదు వాళ్ళు.

దెయ్యమో, దేవుడో... నేను దేవుడనే అంటాను. మీరేమన్నా అనుకోండి కానీ, ఆ చెయ్యి చేసిన పని మరిచిపోకండి. ఎవరి మీదైనా యాసిడ్ పడితే — నీళ్ళు పొయ్యండి. ఆపకుండా పోస్తూనే ఉండండి.