రెండు ముక్కలూ తెరిచిన ఆట

ఆదిభట్ల బస్టాపులో ఏజెంట్ ఎల్లేశ్‌ను పట్టపగలే కాల్చి చంపారు. ఆ సాయంత్రమే చీఫ్ మహేశ్వర్ ఏజెంట్ మరియను పిలిపించాడు.

"ఇబ్రహీంపట్నం అవతల రోడ్డు పక్కన ఫామ్‌హౌస్. రేపు మధ్యాహ్నం అక్కడ బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడుతరు. ఆడేటోళ్లల్ల ఒకని జేబుల రిమోట్ ఉంది. ఇంజినీర్ల స్టాఫ్ బస్సులల్ల ఒకదాని కింద బాంబు. బస్సు ఆ గేటు ముందుకు రాంగనే నొక్కుతడు."

"బస్సులే ఆపేస్తే సార్?"

"ఏ బస్సు కిందనో తెల్వదు. ఒక్కటి ఆపినా వానికి ఎరుకైతది, అక్కడ్నే పేలుస్తడు. రైడ్ చేసినా గంతే. ముందు వాని చెయ్యి దొరకాలె."

మరియ ముందుకు వంగింది. "అక్కడ ముక్కలు పంచేది మనోజ గదా సార్?"

మనోజ మరియ ఒక్కగానొక్క కూతురు. నటాషా అనే పేరు పెట్టి, డీలర్ వేషం వేసి, ఈ బాంబు పెట్టిన విదేశీ ముఠాలోకి పంపింది డిపార్ట్‌మెంటే. కొన్నాళ్లుగా ఆమె నుంచి కబురు లేదు. ఎల్లేశ్ ఆచూకీ ముఠాకు ఆమే చెప్పి ఉంటుందని ఆఫీసంతా అనుమానం.

"వాళ్ల దిక్కు తిరిగిందంటే నువ్వే అరెస్ట్ చెయ్యాలె. చేస్తవా?"

"ముందుగాల నా బిడ్డ బతికుండనీ సార్."

చీఫ్ ఆట నేర్పడం మొదలుపెట్టాడు. రాజు, రాణి లాంటి బొమ్మ ముక్కలు పది లెక్క. ఇరవై ఒకటి దాటకుండా డీలర్‌ను మించాలి. సమానమైతే పందెం వెనక్కి వస్తుంది. చేతిలో పదహారు ఉండి, డీలర్ ముందు పది కనబడితే ఇంకో ముక్క అడగాలి.

"డీలర్‌కు ఆసు కనబడితే ఇన్సూరెన్స్ అని ఇంకో పందెం పెట్టమంటరు. తీసుకోకు. దండుగ."

"ఇన్సూరెన్స్ లేకుంటే ఎట్ల సార్, ఏమన్నైతే?"

చీఫ్ తల పట్టుకున్నాడు. తర్వాత రకాలు చెప్పాడు. స్పానిష్ ఆటలో పది అంకె ముక్కలు తీసేస్తారు కాబట్టి ముక్క అడిగినా పోయే భయం తక్కువ. డబుల్ ఎక్స్‌పోజర్‌లో డీలర్ రెండు ముక్కలూ తెరిచే పెడతాడు, కానీ సమానమైతే గెలుపు డీలర్‌దే. అందుకే డీలర్‌కు ఇరవై కనబడితే, నీ చేతిలో ఇరవై ఉన్నా ఇంకోటి అడగాల్సిందే.

మర్నాడు మరియ పట్టుచీర కట్టి, చెవి దుద్దులో మైకు పెట్టుకుని, హయత్‌నగర్ చిట్టీల వ్యాపారి వేషంలో టేబుల్ ముందు కూర్చుంది. ఎదురుగా ఎర్ర గౌనులో మనోజ. చిక్కిపోయింది. తిన్నదో లేదో. తల్లిని చూసి కూడా కనురెప్ప కదపలేదు. ఆమె వెనకాలే ముఠా నాయకుడు కార్ల్ నిలబడ్డాడు.

ఆడేవాళ్లు మరో ఇద్దరు. బడంగ్‌పేట్ ప్లాట్ల బ్రోకర్ లింగస్వామి చెమటలు కక్కుతూ మాటిమాటికీ జేబులో చెయ్యి పెడుతున్నాడు. గోవా కాసినోలన్నీ తిరిగానని గొప్పలు చెప్పే రోహన్ మాత్రం తప్పు లేకుండా ఆడుతున్నాడు. మరియ కళ్లు లింగస్వామి జేబు మీదే ఉన్నాయి.

"ఏందక్కా, నా జేబు దిక్కే సూస్తున్నవ్? నీ చిట్టీల చేరమంటవా?" అన్నాడు లింగస్వామి, కర్చీఫ్ తీసి మెడ తుడుచుకుంటూ.

మనోజ ముక్కలు కలిపింది. "ఇప్పటి నుంచి డబుల్ ఎక్స్‌పోజర్" అంది. కార్ల్ నొసలు ముడిపడింది.

డీలర్‌కు రాజు, రాణి. ఇరవై. లింగస్వామికి పద్దెనిమిది, ఇంకోటి అడిగి పోగొట్టుకున్నాడు. మరియ చేతిలో పందొమ్మిది. అయినా ఇంకోటి అడిగింది. నాలుగు పడింది. పోయింది.

రోహన్‌కు ఇరవై. "చాలు" అని వెనక్కి వాలాడు. మనోజ అతని పందెం లాగేసుకుంది.

"అరే, సమానం గదా! నా పైసలు నాకియ్యి."

మరియ చూపు లింగస్వామి జేబును వదిలి రోహన్ మీదికి మళ్లింది. కాసినోలన్నీ తిరిగినవాడికి ఈ రూలు తెలియదా? ఒక్క రకం ఆటే బట్టీ పట్టి వచ్చాడు. వాణ్ణి తనకు చూపించడానికే బిడ్డ ఆట మార్చింది!

కార్ల్‌కూ అదే తట్టింది. అతని సైలెన్సర్ పిస్టల్ పేలింది, చప్పుడు పెద్దగా ఏం రాలేదు. మనోజ టేబుల్ మీదికి ఒరిగింది. అదే క్షణాన కిటికీలోంచి తెల్లని బస్సు కనిపించింది. రోహన్ చెయ్యి కోటులోకి పోయింది.

"అమ్మా, వాని చెయ్యి!"

బిడ్డ దిక్కు పోవాల్సిన కాళ్లు రోహన్ మీదికి దూకాయి. అతని వేలు బటన్‌ను తాకేలోపు మరియ అతని మణికట్టు విరిచింది. బయట పొంచి ఉండి మైకులో విన్న కమాండోలు తలుపులు బద్దలుకొట్టారు. కార్ల్ దొరికాడు. బస్సు గేటు దాటింది.

మరియ కూతురి తల ఒళ్లో పెట్టుకుంది.

"బస్సు పోయిందా అమ్మా?"

"పోయింది బిడ్డా. అందరు మంచిగ పోయిండ్రు. మాట్లాడకు, దవాఖానకు పోదాం."

"పందొమ్మిది మీద కూడ అడిగినవ్ సూడు... భయపడకుంట. ఎంత ధైర్యమే నీకు!" మనోజ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సమాధి మీద మన్ను ఇంకా ఆరకముందే చీఫ్ ఇంటికి వచ్చాడు. మనోజ మీద అనుమానం తీసేశామన్నాడు.

"ఇంకో మిషన్ ఉంది మరియా. ప్రాణానికి గ్యారంటీ లేదు. భయమైతే చెప్పు."

మరియ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఎక్కడికో చెప్పున్రి సార్, పోత. భయపడే డ్యూటీ మాత్రం ఇగ ఇంకెవరికన్న ఇయ్యున్రి."